అడ్డపొగ

విజయనగరమునుండి నెల్లిమర్ల మీదుగా రామతీర్థమునకు సుమారు 12 కిలోమీటర్ల దారి. అది శ్రీరాముని క్షేత్రమైనను అచ్చట శివరాత్రికి గొప్ప జాతర జరుగునని మన చదువరులలో చాలమంది యెఱుగుదురు. గడచిన శివరాత్రికి మేమును పోయి, దిగువ దర్శనమైన పిమ్మట బోధికొండ మెట్లు ఎక్కుచుంటిమి. సగము దూరము పోవునప్పటికి గుండె దడదడ కొట్టుకొనసాగెను, నోరెండెను, ఒడలు చెమర్చెను. ఒక బండపై కూలబడితిమి. ఆ బండపైననే మాకు ముందుగా ఒక ముసలమ్మ కూర్చుండియుండెను. డెబ్బదియేండ్ల వయస్సుండును. ప్రక్కన ఆమె కోడలు నీళ్లసీసా పట్టుకొని నిలువబడియున్నది. ముసలమ్మ రొంటినుండి చుట్ట తీసి, ముట్టించి, రెండు దమ్ములు పీల్చి, పిమ్మట దానిని త్రిప్పి నిప్పున్న కొసను నోటిలోనికి పెట్టుకొని పెదవులు మూసికొనెను.

దూరప్రాంతముల సోదరీమణులు ఇది నమ్మరేమో. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలలో, ముఖ్యముగా పెద్దవయస్సు స్త్రీలలో, ఈ యలవాటు చిరకాలమునుండి కలదు. దీనిని అడ్డపొగ యందురు. పొలములో గాలికి ఆఱిపోదనియు, వానలో తడియదనియు, చంకలోని బిడ్డపై నిప్పురవ్వ పడదనియు, ఒక్క చుట్ట చాలసేపు వచ్చుననియు కారణములు చెప్పుదురు. తల్లిని చూచి కూతురు, అత్తను చూచి కోడలు నేర్చుకొనుటయే అసలు కారణమని మాకు తోచుచున్నది. ఫిలిప్పీన్సు దీవులలోను, దక్షిణ అమెరికాలోని కొలంబియా, వెనిజులా దేశములలోను, ఇటలీ దేశపు సార్డీనియా దీవిలోను ఇట్టి యలవాటే కనబడినది గనుక ఇది మన యొక్కరి వింతయును గాదు.

"అత్తా, మానీమని డాక్టరుబాబు సెప్పినాడు గదేటి" అని కోడలు గొణిగెను. ముసలమ్మ చుట్ట తీసి, "ఇది నేకపోతే నాకు పొద్దు పొడవదమ్మా. కడుపు కదల్దు, బుర్ర పనిసెయ్యదు. మా యమ్మ కాల్సింది, మా యత్త కాల్సింది" అని మావైపు తిరిగి న్యాయము చెప్పుమన్నట్లు చూచెను.

ఆ మాటలు విని నవ్వి ఊరకుండుట సులభము. కాని ఆమె చెప్పినదానిలో కల్ల లేదు. పొగాకులోని మందు శరీరములో ఏ తావున పట్టుకొనునో శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమపడి కనుగొన్న సంగతినే ఆమె తన కడుపుతో కనిపెట్టినది. ఈ మాసము ఆ విషయమే ముచ్చటింప దలచితిమి.

మనము చేయి ఎత్తుమన్న ఎత్తును, దించుమన్న దించును. గుండెను ఆగుమన్న ఆగదు. తిన్న యన్నమును అరిగింపుమని కడుపునకు ఎవరును చెప్పనక్కఱలేదు. గుండె, రక్తనాళములు, జీర్ణకోశము, చెమట, లాలాజలము, కంటిపాప, మూత్రాశయము వీనినెల్ల మన యాజ్ఞ లేకయే నడపు నాడులు వేఱుగా గలవు. వానిని స్వయంచోదిత నాడీమండలమందురు. దానికి రెండు పగ్గములు. మొదటిది సింపథెటిక్ అనబడునది. కొండ ఎక్కునప్పుడును, దారిలో పాము కనబడినప్పుడును, బిడ్డ నూతివైపు పరుగెత్తినప్పుడును ఇది బిగియును. గుండె వడి హెచ్చును, రక్తపుపోటు పెరుగును, చెమట పట్టును, నోరెండును, కడుపు పని నిలుచును. బండపై కూర్చున్న మాకు జరిగినది ఇదియే. రెండవది పారాసింపథెటిక్. పులిహోర ప్రసాదము తిని చెట్టునీడను చేరగిలబడినప్పుడు ఇది పని చేయును. గుండె నెమ్మదించును, నోట నీరూరును, ప్రేగులు కదలును. ఆరోగ్యవంతులలో ఒక పగ్గము బిగిసినప్పుడు రెండవది వదులగుచుండును.

ఈ నాడులు మెదడునుండియు వెన్నుపామునుండియు బయలుదేఱి తిన్నగా గుండెకో కడుపునకో పోవు. నడుమ ఒకచోట మాఱవలయును. శ్రీకాకుళము వైపునుండి రైలులో వచ్చి రాయగడ పోదలచినవారు విజయనగరము జంక్షనులో దిగి వేఱొక బండి ఎక్కుదురు గదా, అట్లే. ఈ మాఱు తావులకు నాడీసంధులని పేరు. మొదటి నాడి కొస ఎసిటైల్ కొలీన్ అను పదార్థమును చిమ్మును. రెండవ నాడిపైనున్న తాళమునకు ఆ పదార్థము తాళపుచెవివలె అమరును. వార్త ముందునకు సాగును. ఇందులో ముఖ్యమైన సంగతి యేమనగా, సింపథెటిక్ జంక్షనులోను, పారాసింపథెటిక్ జంక్షనులోను వాడబడు తాళపుచెవి యొక్కటే. కాబట్టి జంక్షనును పట్టుకొను మందు ఏదైనను రెండు పగ్గములను ఒక్కసారిగా లాగును.

పొగాకులోని నికోటిన్ అట్టి మందు. 1560 ప్రాంతమున పోర్చుగలులో ఫ్రాన్సు రాయబారిగానుండి పొగాకును పారిస్ నగరమునకు పంపిన జాన్ నీకో పేరుమీదుగా దానికాపేరు వచ్చినది. 1828లో జర్మనీలో దానిని పొగాకునుండి వేఱుచేసిరి. తరువాత 1889లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో లాంగ్లీ అను శరీరశాస్త్రజ్ఞుడు డికిన్సన్ తో కలిసి ఒక పరీక్ష చేసెను. జంతువుల మెడలోని నాడీసంధిపై కుంచెతో నికోటిన్ పూసెను. పూసిన పిమ్మట, సంధికి ఇవతలి నాడిని విద్యుత్తుతో కదలించిన కంటిపాప కదలలేదు. అవతలి నాడిని కదలించిన కదలినది. కాబట్టి వార్త తెగినది ఆ సంధిలోననియే తేలినది. ఈ యుపాయముతో ఆయన ఏ నాడి ఎచ్చట బండి మాఱునో శరీరమంతయు వెదకి పటము వ్రాసెను. స్వయంచోదిత మండలమునకు నేడు వాడుకలోనున్న ఆంగ్లనామము 1898లో ఆయన పెట్టినదే. మందులు జీవకణముపైనున్న ఒకానొక "గ్రహించు పదార్థము"ను పట్టుకొనియే పనిచేయునని 1905లో చెప్పినవాడును ఆయనయే. నేడు రక్తపుపోటునకు, ఉబ్బసమునకు, కంటి జబ్బులకు ఇచ్చు మందులలో అనేకము ఆ యూహనుండి పుట్టినవి. మన ముసలమ్మ రొంటిలోని సరకు ఇంతటి శాస్త్రమునకు మూలమైనది.

నికోటిన్ పని రెండు విధములు. కొద్దిగా పడిన నాడీసంధిని తట్టి లేపును. ఎక్కువ పడిన మొదట లేపి, పిమ్మట స్తంభింపజేయును. మొదటిసారి చుట్ట ముట్టినవారికి ముఖము పాలిపోవుట, చల్లని చెమట, నోట నీరూరుట, వాంతి, తల తిరుగుట కలుగుట చూచియేయుందుము. అవి రెండు పగ్గములును ఒక్కసారి గుంజబడిన గుర్తులు. అలవాటైనవారికి వాంతులు పోవును గాని తక్కిన పని సాగుచునేయుండును. మూత్రపిండములపై టోపీవలెనున్న ఎడ్రినల్ గ్రంథులు కూడ ఒక విధమైన నాడీసంధులే. నికోటిన్ తగులగనే అవి ఎడ్రినలిన్ వదలును. గుండె వడి పెరుగును, రక్తపుపోటు హెచ్చును, చేతివ్రేళ్ల నాళములు ముడుచుకొని వ్రేళ్లు చల్లబడును. అదే సమయమున రెండవ పగ్గము ప్రేగులను కదలించును.

"కడుపు కదల్దు" అనుమాట యిక్కడ అర్థమగును. ఏండ్ల తరబడి ప్రతి యుదయము నికోటిన్ తో తట్టి లేపబడిన ప్రేగులు అది అందనినాడు బద్ధకించును. చుట్ట మానినవారికి మలబద్ధము సాధారణముగా వచ్చు బాధ. దీనిని ముందుగా చెప్పకుండ మానుమనుటవలననే అనేకులు వారము తిరుగకుండ మరల ముట్టించుచున్నారు. మానదలచిన నాటినుండి నీరు ఎక్కువగా త్రాగించి, ఆకుకూరలు పెట్టి, ఉదయము కొంత నడిపించి, చాలనిచో వైద్యుని యడిగి ఇసబ్గోలు వంటిది ఇచ్చినచో కొన్ని వారములలో సర్దుకొనును.

ముసలమ్మకు రక్తపుపోటు బిళ్లలు కూడ ఉన్నవని కోడలు చెప్పినది. ఆ బిళ్లలలో కొన్ని సింపథెటిక్ పగ్గము గుండెను లాగు తావుననే అడ్డు నిలుచును. అనగా ఉదయము ఎనిమిదింటికి బిళ్ల వేసి పగ్గము వదులుచేయుటయు, ఎనిమిదింబావుకు చుట్ట ముట్టించి దానినే బిగించుటయు! బిళ్ల పనిచేయలేదని వైద్యుడు మోతాదు పెంచును. చుట్ట సంగతి ఆయనకు ఎవరును చెప్పరు. స్త్రీలు పొగ త్రాగుదురని వైద్యుడు అడుగడు, సిగ్గుచేత వీరు చెప్పరు. ఇంటి మగవాడు వీథియరుగుపై కాల్చు చుట్టకు లేని సిగ్గు వంటింట కాల్చు చుట్టకెందుకో మాకు తెలియదు. ఆసుపత్రికి పోయినప్పుడు అత్తగారు చెప్పకున్న కోడలైనను మెల్లగా చెప్పవలయును.

ఇక "బుర్ర పనిసెయ్యదు" అను మాట. నికోటిన్ తాళములు మెదడులోను గలవు. అచ్చట అది సంతోషము కలిగించు పదార్థములను వదలించును. చుట్టపొగ క్షారగుణము గలదగుటచే రొమ్ములోనికి పీల్చకున్నను నోటి లోచర్మమునుండియే నికోటిన్ రక్తములో కలియును. కాబట్టి నోటిలో పెట్టుకొని ఊరకున్నను చాలును. రక్తములో చేరిన నికోటిన్ సుమారు రెండు గంటలకొకసారి సగమగుచుండును. రాత్రియంతయు నిద్రపోయి లేచునప్పటికి రక్తములో అది దాదాపు తఱిగిపోవును. అందుచేతనే మొదటి చుట్టకు అంత తహతహ. చిరాకు, నిద్రపట్టకుండుట, ఆకలి హెచ్చుట మానిన మొదటి రెండుమూడు దినములలో అతిగానుండి, మూడు నాలుగు వారములలో చాలవరకు తగ్గును. కోపము వచ్చిన అత్తగారిని చూచి "బుద్ధి మాఱినది" అనుకొనకుండుట మంచిది. అది మందు దిగుచున్న లక్షణము.

ప్రసంగవశమున ఇంకొక్కమాట. ఆనాడు శివపూజకని అమ్మవచ్చిన బుట్టలలో ఉమ్మెత్త పూలుండెను. ఉమ్మెత్త, పొగాకు, వంగ, మిరప ఒకే కుటుంబపు మొక్కలు. ఉమ్మెత్తలోని అట్రోపిన్ జంక్షనులోని తాళమును ముట్టక, పారాసింపథెటిక్ నాడి చివర గుండె, కడుపు, కన్నులపైనున్న వేఱొక తాళమును మూసివేయును. అందుచే నోరెండును, కంటిపాప విచ్చుకొనును, ఒళ్లు కాలును, మతి తప్పును; రోగి గాలిలో లేని దారములను ఏఱుచుండును. పూజ ముగిసిన పిమ్మట కాయలు పిల్లలకందకుండ పాఱవేయవలయును. చుట్టముక్కలును అట్లే, ప్రాకులాడు బిడ్డ ఒక ముక్క మ్రింగినను వాంతులై ప్రమాదము కలుగవచ్చును. అట్టి వేళ చింతపండునీరు, ఉప్పునీరు పట్టి కాలము గడపక 108కి ఫోను చేయవలయును. పొగాకు కషాయము చల్లి పైరుపై పేను చంపుట మన రైతులెఱుగుదురు. పురుగును చంపునదియు నాడులలోని ఆ తాళమును పట్టుకొనియే.

గర్భిణుల సంగతి వేఱుగా చెప్పవలయును. నికోటిన్ రక్తనాళములను ముడుచును. పొగలోని విషవాయువు రక్తమునందలి ప్రాణవాయువును తగ్గించును. రెంటివలన కడుపులోని బిడ్డకు పోషణ చాలక తూకము తక్కువగా పుట్టును.

నాడుల మాట ఇంతవఱకు. ఇక అంగిలి. మనిషిని చుట్టకు కట్టివేయునది నికోటిన్. అంగిలిని కాల్చునది పొగలోని తక్కిన విషములును నిప్పు వేడిమియును. అంగిలి గట్టిభాగమున పుండు కేన్సరగుట తక్కినచోట్ల అరుదు. అడ్డపొగ గల ప్రాంతములలో అది తఱచు. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రికి చెందిన ఖానోల్కరు, సూర్యాబాయి గారలు 1945లోనే అలవాట్లవలన వచ్చు కేన్సరులను గూర్చి వ్రాయుచు చుట్టను పేర్కొనిరి. 1971లో డెన్మార్కు దేశస్థుడగు పిండ్‌బోర్గు గారును, బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థవారును కలిసి శ్రీకాకుళము జిల్లా పల్లెలలో ఇల్లిల్లు తిరిగి 10,169 మంది నోళ్లు చూచి అంగిలి మార్పులను ప్రకటించిరి. పిమ్మట ఎర్నాకుళము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడువారికి, ఒక్కొక్కరిని కూర్చుండబెట్టి నోరు చూపి, మానుమని బోధించిరి. ఆ ఫలితములు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చినవి. బోధించినచో మానువారు గలరనియు, మానినవారి నోటిలో చెడు మచ్చలు తక్కువగా పుట్టుననియు తేలెను. పల్లెటూరి ముసలివారికి చెప్పి లాభములేదను మాట అబద్ధమని మన జిల్లాలోనే ఋజువైనది.

మేము ముసలమ్మను నోరు తెఱువుమంటిమి. మొదట సిగ్గుపడినను తెఱచినది. ఫోనులోని దీపము వెలిగించి చూచితిమి. అంగిలి పండుటాకువలె తెల్లబాఱి, అందుపై ఎఱ్ఱని చుక్కలు కనబడెను. ఆ చుక్కలు వాచిన లాలాజల గ్రంథుల ముఖద్వారములు. ఇంతవఱకైన, చుట్ట మానినచో చాలభాగము తగ్గవచ్చును. మానని పుండు, తోలు లేచి ఎఱ్ఱబాఱిన మచ్చ, గట్టిపడిన కంతి, మ్రింగునప్పుడు నొప్పి, కారణము లేక కదలు పండ్లు, మెడలో గడ్డ – వీనిలో ఏది రెండువారములకు మించి యున్నను ఆలస్యము చేయరాదు. ముసలమ్మ కుడిప్రక్కన ఒక చిన్న ఎఱ్ఱమచ్చ మాకు నచ్చలేదు. ఆ మాట ఆమెతో చెప్పక కోడలితో చెప్పితిమి. పిమ్మట ఆలోచించి, అది తప్పనిపించి, ఆమెతోను చెప్పితిమి. నోరు ఆమెది గదా. విజయనగరము ప్రభుత్వాసుపత్రిలో చూపి, అవసరమనిరేని విశాఖపట్టణములో కింగ్ జార్జి ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా కేన్సరు ఆసుపత్రికో పోవచ్చునంటిమి.

మానుట ఎట్లని ఆమెయే యడిగెను. ఈ ప్రశ్న కోడలు అడుగుటకంటె ఆమె అడుగుట మాకు సంతోషమైనది. ఒక్కసారి మానగలిగిన మేలే. మానలేనివారికి నికోటిన్ గల జిగురుబిళ్లలు, చర్మముపై అంటించు పట్టీలు గలవు. విషమును విషముతో మాన్పుటయా యని కొందఱు ఆక్షేపింతురు. ఇందు పొగ లేదు, నిప్పు లేదు; నాడీసంధులకు అలవాటైన తట్టుడు కొద్దికొద్దిగా ఇచ్చుచు తగ్గించుకొని పోవుటయే. గుండెజబ్బు గలవారు, గర్భిణులు వైద్యుని యడుగకుండ వాడరాదు. సిగరెట్టు పెట్టెలపై ముద్రింపబడు 1800 11 2356 అను నంబరునకు ఖర్చులేకుండ ఫోను చేసి సలహా పొందవచ్చును. చుట్టల కట్టపై ఆ నంబరు కనబడదు గనుక ఇక్కడ వ్రాసితిమి. గోడపై వ్రాసి పెట్టుకొనుడు. ఉదయపు మొదటి చుట్టయే కష్టమైనది. ఆ గంటకు ఏదేని పని కల్పింపవలయును. ముసలమ్మకు మనుమరాలి జడ వేయుట ఇష్టమట. ఆ పని ఉదయమునకు మార్చెదనని కోడలు చెప్పినది.

కొండ దిగునప్పుడు కోడలు మేము తీసిన అంగిలి చిత్రమును తన ఫోనునకు పంపించుకొనినది. సోమవారము ఆసుపత్రికి పోవుదమన్నది. ముసలమ్మ ఆఱిపోయిన చుట్టను పాఱవేయలేదు. మరల రొంటిలో దోపుకొని, "సూద్దాంలే తల్లీ" అని మెట్లు దిగసాగెను.